తోటలో ఒక్కో చెట్టు రోజుకు ఎన్ని లీటర్లు తాగుతుంది? మీరే కొలిచే పద్ధతి

"జామాయిల్ చెట్టు రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు తాగుతుందండీ?" ఈ ప్రశ్న నన్ను అడిగినంతగా ఇంకేదీ అడగలేదు. ఒకరు జామాయిల్ అంటారు, ఇంకొకరు టేకు అంటారు, మరొకరు సరుగుడు అంటారు. ప్రశ్న మాత్రం అదే. చెట్టు పేరు వినగానే లీటర్లు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను చెప్పలేను. ఒకే జాతి, ఒకే వయసు, పక్కపక్క వరుసల్లో ఉన్న రెండు చెట్లు కూడా ఒకేలా తాగవు. అదే చెట్టు వాన వెలిసిన మర్నాడు ఒకలా తాగుతుంది, నెల రోజులు చినుకు లేకపోతే ఇంకోలా తాగుతుంది. అందుకే కొలవాలి.

కొలిచే పద్ధతి అంత కష్టమేమీ కాదు. డ్రిల్ పట్టుకోవడం, వైర్లు కలపడం, కూడికలు తీసివేతలు వస్తే చాలు. కాకపోతే రెండు చోట్ల ఓపిక కావాలి. ఒకటి, నీరు కదలని క్షణాన్ని, అంటే సున్నాను, సరిగ్గా పట్టుకోవడం. రెండోది, కాండంలో నీరు నిజంగా పారే చెక్క ఎంత ఉందో తేల్చుకోవడం. తప్పుడు అంకెలు చాలావరకు ఈ రెండు చోట్లే పుడతాయి. కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

ముందు తెలియాల్సింది కొంచెమే

ఆకుల మీది పత్రరంధ్రాల నుంచి నీరు ఆవిరైపోతుంటే ఆ లాగుడు కొమ్మలు, కాండం మీదుగా వేరు కొసదాకా వెళ్తుంది. చెట్టు చేతిలో ఉన్న కుళాయి పత్రరంధ్రాలే. గాలి బాగా పొడిబారినా, మట్టిలో తడి తగ్గినా చెట్టు వాటిని కొంత మూస్తుంది. మూయకపోతే లోపలి సన్నని నీటి ధారలు తెగి, ఆ నాళాల్లో గాలి బుడగలు చేరి దారి మూసుకుపోతుంది.

మనం కొలిచేది కాండంలో ఎక్కే నీటి వేగాన్ని. చెక్కలోకి రెండు సూదులు దించుతాం. పైదాన్ని సన్నగా వేడి చేస్తాం, కిందిదాన్ని అలాగే వదిలేస్తాం. నీరు ఎక్కుతుంటే వేడిని మోసుకుపోతుంది కాబట్టి పై సూది చల్లబడి, రెండింటి మధ్య ఉష్ణోగ్రత తేడా తగ్గుతుంది. నీరు ఆగితే తేడా పెరుగుతుంది. ఈ పద్ధతినీ దాని లెక్కనీ ఫ్రాన్స్‌కు చెందిన ఆంద్రే గ్రానియే 1985లో ప్రకటించారు. ఇప్పటికీ తోటల్లో ఎక్కువగా వాడేది ఇదే.

కావలసినవి

- సూదుల జతలు 9. ఒక్కో సూది పొడవు 20 మి.మీ., మందం సుమారు 2 మి.మీ. పై సూదికి హీటర్ తీగ చుట్టి ఉండాలి. రెండింటిలోనూ రాగి-కాన్‌స్టాంటన్ థర్మోకపుల్, అంటే ఉష్ణోగ్రత తేడాను చిన్న వోల్టేజ్‌గా చూపే తీగల జత, ఉండాలి.
- సూదికి సరిపోయే సన్నని అల్యూమినియం గొట్టాలు, థర్మల్ గ్రీజు.
- డేటా లాగర్, అంటే అంకెలను తనంతట తానే చదివి రాసుకునే పరికరం. ఈ థర్మోకపుల్ ఒక డిగ్రీకి ఇచ్చేది దాదాపు 40 మైక్రోవోల్టులే. లాగర్ ఒకట్రెండు మైక్రోవోల్టుల తేడాను కూడా గుర్తించగలగాలి. మామూలు మల్టీమీటర్‌లో చివరి అంకె 0.1 మిల్లీవోల్ట్, అంటే రెండున్నర డిగ్రీలు. దానితో ఈ పని జరగదు.
- స్థిర కరెంట్ ఇచ్చే రెగ్యులేటర్లు, 12 వోల్టుల బ్యాటరీ, దాన్ని నింపే సోలార్ ప్యానెల్.
- బ్యాటరీ డ్రిల్, అల్యూమినియం గొట్టం బయటి మందానికి సరిపోయే బిట్లు. బిట్లు త్వరగా మొద్దుబారతాయి కాబట్టి నాలుగైదు ఉంచుకోండి.
- చుట్టుకొలత టేపు, చెక్క నమూనా తీసే ఇంక్రిమెంట్ బోరర్.
- గాలి ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సర్ ఒకటి. ఇది లేకుండా మొదలుపెట్టకండి. ఎందుకో 6వ మెట్టులో తెలుస్తుంది.
- మెరిసే ఇన్సులేషన్ షీటు, స్పాంజి ముక్కలు, సిలికాన్, కేబుళ్లు దూర్చే పీవీసీ గొట్టాలు.

1. చెట్లను ఎంచుకోండి

తోట అంచు నుంచి కనీసం నాలుగు వరుసలు లోపలికి వెళ్లండి. అంచు చెట్లకు ఎండ, గాలి ఎక్కువ తగులుతాయి కాబట్టి లోపలి చెట్ల కంటే ఎక్కువ తాగుతాయి. వాటిని కొలిచి తోటంతా అలాగే ఉందనుకోకూడదు. లోపల 20 మీటర్లకు 20 మీటర్ల ముక్క గీసి, అందులోని ప్రతి చెట్టుకూ 1.3 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత రాయండి. ఒక్కటి కూడా వదలొద్దు, చివర్లో మొత్తం లెక్క దీని మీదే నిలబడుతుంది.

తర్వాత చెట్లను సన్నం, మధ్యరకం, లావు అని మూడు గుంపులు చేసి, గుంపుకు మూడు చొప్పున తొమ్మిది తీసుకోండి. చూడగానే బాగున్న చెట్లనే ఎంచుకోవాలని మనసు లాగుతుంది. ఆ పని చేయకండి, గుంపులో చీటీ తీయండి. కాండానికి గాయం ఉన్నవీ, ఛాతీ ఎత్తుకు దిగువనే చీలినవీ మాత్రం పక్కన పెట్టండి.

2. నీరు పారే చెక్క ఎంతో తేల్చండి

కాండం మొత్తంలో నీరు పారదు. నడిమి చేవ పొడిగా, మూసుకుపోయి ఉంటుంది. నీరు పారేది బెరడుకూ చేవకూ మధ్య ఉన్న పచ్చి చెక్కలోనే. పుస్తకాల్లో దీన్ని రసదారువు అంటారు. దీని వైశాల్యం కావాలి.

సూదులు దించే చెట్లను కాకుండా అదే ముక్కలో అలాంటివే వేరే చెట్లను ఎంచుకుని, బోరర్‌తో బెరడు నుంచి నడిబొడ్డు వరకు నమూనా తీయండి. తీసిన వెంటనే వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పైన్ లాంటి వాటిలో తడి చెక్క వెలుగును కొంచెం లోపలికి రానిస్తుంది, చేవ రానివ్వదు. టేకులో చేవ రంగే వేరుగా, బంగారు గోధుమ రంగులో కనబడుతుంది. జామాయిల్ లేత చెట్లలో హద్దు అంత తేటగా ఉండదు. అలాంటప్పుడు పలచన చేయడానికి ఎలాగూ కొట్టేయబోయే చెట్టు ఒకటి దొరికితే, ఎండ ఉన్న పూట దాని మొదలు దగ్గర చిన్న రంధ్రం చేసి రంగునీళ్లు పట్టించండి. కొన్ని గంటల తర్వాత పైన అడ్డంగా కోస్తే నీరు ఏ వలయంలో పారిందో రంగే చూపిస్తుంది.

లెక్క ఇలా ఉంటుంది. చుట్టుకొలత 56.5 సెం.మీ. ఉంటే వ్యాసం 18 సెం.మీ., సగం 9. బెరడు మందం 1 సెం.మీ. తీసేస్తే చెక్క అర్ధవ్యాసం 8. చేవ అర్ధవ్యాసం 5 అనుకుందాం. అప్పుడు రసదారువు వైశాల్యం 3.14 × (64 − 25), అంటే సుమారు 122 చదరపు సెం.మీ. బెరడు తీసేయడం మర్చిపోతే ఇది 176 అవుతుంది. ఆ ఒక్క మరుపుతో లీటర్లు నలభై శాతానికి పైగా పెరిగిపోతాయి.

3. సూదులు దించండి

ఈ పని ఉదయాన్నే మొదలుపెట్టండి. చెట్టుకు ఎండ నేరుగా తగలని వైపు చూసుకుని, 1.3 మీటర్ల ఎత్తులో బయటి ఎండు బెరడును చిన్న బిళ్లంత చెక్కి చదును చేయండి. లోపలి లేత బెరడును గీరకండి.

10 సెం.మీ. ఎడంతో రెండు రంధ్రాలు ఒకదాని కింద ఒకటి నిలువుగా వేయండి. రంధ్రం వాలకుండా ఉండాలంటే బిట్ దూరేలా ముందే రెండు రంధ్రాలు వేసిన చెక్క దిమ్మను కాండానికి ఆనించి, దాని గుండా డ్రిల్ చేయండి. చేత్తో అంచనాగా వేసిన రంధ్రం దాదాపు ఎప్పుడూ వాలుగానే వస్తుంది. లోతును బెరడు పైనుంచి కాదు, చెక్క మొదలయ్యే చోటు నుంచి 20 మి.మీ. కొలవాలి. బిట్‌ను ఒకేసారి లోపలికి తోయకుండా బయటికి లాగుతూ, పొట్టు దులుపుతూ వేయండి. బిట్ వేడెక్కి పొగ వస్తే చుట్టూ ఉన్న చెక్క కాలినట్టే, ఆ రంధ్రం పనికిరాదు. పక్కకు జరిగి మళ్లీ వేయండి.

గొట్టాన్ని లోపలికి దించి, సూదికి గ్రీజు రాసి గొట్టంలోకి నెమ్మదిగా తొయ్యండి. హీటర్ ఉన్న సూది పైన, లేనిది కింద. తడబడితే ఇక్కడే తారుమారు అవుతాయి కాబట్టి హీటర్ సూది వైరుకు ఎర్ర టేపు చుట్టి ఉంచుకోండి. సూది బిగిసిందని సుత్తితో కొట్టొద్దు, లోపలి తీగ తెగుతుంది.

బయటి అంచు చుట్టూ సిలికాన్ పెట్టండి. రెండు సూదుల మీదా స్పాంజి పెట్టి, ఆపైన మెరిసే షీటును చుట్టండి. షీటు సూదులకు పైనా కిందా కనీసం అర మీటరు రావాలి. తోట లేతగా ఉండి నేల మీద ఎండ పడుతుంటే నేల వరకు చుట్టండి. వాన నీరు కాండం వెంట జారి లోపలికి పోకుండా షీటు పై అంచును సిలికాన్‌తో మూసేయండి, కింది అంచును మూయకండి.

చెట్టులో రసదారువు మందం 2 సెం.మీ. కంటే తక్కువైతే 10 మి.మీ. సూదులు వాడండి. అవి దొరక్కపోతే సూది ఎంత భాగం చేవలోకి వెళ్లిందో రాసి పెట్టుకోండి, లెక్కలో సరిదిద్దవచ్చు.

4. కరెంట్ ఇవ్వండి

ప్రతి హీటర్‌కూ 0.2 వాట్లు, రాత్రింబవళ్లు మారకుండా అందాలి. హీటర్ నిరోధం 20 ఓమ్‌లైతే 0.1 ఆంపియర్ ఇవ్వాలి, అప్పుడు దాని రెండు కొనల మధ్య 2 వోల్టులు ఉంటాయి. మూడేసి హీటర్లను వరుసగా కలిపి ఒక రెగ్యులేటర్‌కు ఇస్తే తొమ్మిదింటికీ కలిపి 0.3 ఆంపియర్ చాలు, రోజుకు 7.2 ఆంపియర్-గంటలు. విడివిడిగా ఇస్తే దీనికి మూడు రెట్లు పోతుంది. వరుసగా కలిపినప్పుడు ఒక ఇబ్బంది ఉంది: ఒక్క వైరు తెగినా మూడు చెట్లూ ఆగిపోతాయి. అందుకే ఒకే గుంపులోని మూడు చెట్లను ఒకే వరుసలో పెట్టకండి. సన్నం ఒకటి, మధ్యరకం ఒకటి, లావు ఒకటి కలపండి.

హీటర్లు ఆన్ చేసే ముందు రెండు రోజులు అవి ఆఫ్‌లో ఉంచి లాగర్‌ను మాత్రం నడపండి. చాలామంది ఈ రెండు రోజులనూ దండగ అనుకుని వదిలేస్తారు. వేడి ఇవ్వకుండానే పై సూదికీ కింది సూదికీ మధ్య పగటిపూట తేడా కనబడితే, అది ఎండ వల్లో నేల వేడి వల్లో వచ్చింది. ఆ తేడా 0.2 డిగ్రీలు దాటితే ఇన్సులేషన్ ఇంకా పెంచండి. దీన్ని ఇప్పుడు పట్టుకోకపోతే తర్వాత చెట్టు తాగిన నీటి లెక్కలో కలిసిపోతుంది, విడదీయలేరు.

5. లాగర్‌ను నడపండి

నిమిషానికోసారి చదివి, అరగంట సగటు రాసేలా పెట్టండి. ఆన్ చేశాక మొదటి రోజు అంకెలను వదిలేయండి. వానలేని రోజు తెల్లవారుజామున తేడా సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటుంది. 4 డిగ్రీలే ఉంటే హీటర్‌కు సరిపడా కరెంట్ అందడం లేదు, లేదా సూదికీ చెక్కకూ మధ్య నీరు చేరింది. 15 దాటితే సూది ఎక్కువ భాగం చేవలోనో, గాలి సందులోనో ఉంది.

వారానికోసారి వెళ్లి చూడండి. చీమలు స్పాంజిలో గూడు పెడతాయి, ఎలుకలు కేబుల్ కొరుకుతాయి, జామాయిల్ జిగురు కారి సూది చుట్టూ గట్టిపడుతుంది. వెళ్లిన ప్రతిసారీ ప్రతి హీటర్ దగ్గరా వోల్టేజ్ కొలిచి తేదీతో రాయండి.

6. సున్నాను పట్టుకోండి

ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. నీరు అసలు కదలనప్పుడు ఉండే తేడా ఎంతో తెలిస్తేనే మిగతా లెక్క సాగుతుంది. దాన్ని "రాత్రి తేడా" అందాం. రాత్రి చెట్టు తాగదు కాబట్టి ప్రతి రాత్రి వచ్చే అతి పెద్ద అంకెనే సున్నాగా తీసుకోమని చాలాచోట్ల చెబుతారు. అది ఎప్పుడూ నిజం కాదు. గాలి పొడిగా ఉన్న రాత్రుల్లో కొన్ని జాతులు పత్రరంధ్రాలను పూర్తిగా మూయవు. పైగా పగలు ఖాళీ అయిన కాండాన్ని చెట్టు రాత్రి తిరిగి నింపుకుంటుంది. ఆ రాత్రులనూ సున్నాగా తీసుకుంటే నిజంగా పారిన నీటిని మీరే తుడిచేసినట్టు.

గాలి ఎంత పొడిగా ఉందో చెప్పే అంకెను ఆవిరి పీడన లోటు అంటారు. నేను దాన్ని గాలి దాహం అంటాను. లెక్క సులువే. గాలి పూర్తిగా తేమతో నిండితే ఆవిరి పీడనం 20 డిగ్రీల వద్ద 2.34, 25 వద్ద 3.17, 30 వద్ద 4.24, 35 వద్ద 5.62 కిలోపాస్కల్‌లు. 30 డిగ్రీల వద్ద తేమ 60 శాతమైతే లోటు 40 శాతం, అంటే 4.24 × 0.4, సుమారు 1.7 కిలోపాస్కల్‌లు.

ఇప్పుడు ఏడు నుంచి పది రోజుల అంకెలు పక్కపక్కన పెట్టుకుని, గాలి దాహం 0.1 కంటే తక్కువగా కొన్ని గంటల పాటు ఉన్న రాత్రులను వెతకండి. వాన తర్వాతి రాత్రులు, మంచు పడిన తెల్లవారుజాములు బాగా పనికొస్తాయి. ఆ రాత్రుల్లో, తేడా గీత ఎక్కువ తక్కువలు లేకుండా బల్లపరుపుగా సాగిన చోట ఉన్న అంకెనే ఆ పది రోజులకూ రాత్రి తేడాగా తీసుకోండి.

పొరపడితే ఎంత నష్టమో చూడండి. నిజమైన రాత్రి తేడా 10.0, మీరు 9.6 తీసుకున్నారు. మధ్యాహ్నం తేడా 7.5 ఉన్నప్పుడు మీ లెక్క 19 శాతం తగ్గుతుంది. నీరు సన్నగా పారుతూ తేడా 9.5 ఉన్నప్పుడైతే 86 శాతం తగ్గుతుంది. అర డిగ్రీ కూడా లేని తప్పు, పొద్దుటి పూట, సాయంత్రం, రాత్రి పారిన నీటిని దాదాపు లేకుండా చేస్తుంది.

7. లీటర్లు లెక్కగట్టండి

మొదట ఒక నిష్పత్తి కావాలి: (రాత్రి తేడా − ఇప్పటి తేడా) ÷ ఇప్పటి తేడా. దాన్ని 1.231 ఘాతానికి హెచ్చించి 42.84తో గుణించండి. వచ్చేది ఒక చదరపు సెం.మీ. రసదారువు గుండా గంటకు పారే ఘన సెం.మీ. నీరు.

రాత్రి తేడా 10.0, ఇప్పటి తేడా 7.5 అయితే నిష్పత్తి 0.333. దాని 1.231 ఘాతం 0.2586. గుణిస్తే గంటకు 11.1 ఘన సెం.మీ.

దీన్ని 122తో గుణించి గంటకు 1.36 లీటర్లు అని రాయాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగండి. మన సూది 2 సెం.మీ. లోతు వరకే చూసింది, రసదారువు 3 సెం.మీ. ఉంది. లోపలికి వెళ్లే కొద్దీ నీటి వేగం సాధారణంగా తగ్గుతుంది. లోపలి సెంటీమీటరులో వేగం సగమే అనుకుంటే, బయటి వలయం 88 చదరపు సెం.మీ. × 11.1, లోపలి వలయం 34.6 × 5.5, కలిపితే గంటకు 1.17 లీటర్లు. తేడా 16 శాతం. "సగం" అన్నది కూడా ఊహించకుండా, రెండు మూడు చెట్లలో 2 నుంచి 4 సెం.మీ. లోతుకు రెండో జత దించి కొలిస్తే మంచిది.

సూది కొంత చేవలోకి దిగిందా? అప్పుడు ఇప్పటి తేడా నుంచి (చేవలో ఉన్న వంతు × రాత్రి తేడా) తీసేసి, రసదారువులో ఉన్న వంతుతో భాగించి, వచ్చినదాన్ని ఇప్పటి తేడాగా వాడండి. పావు వంతు చేవలో ఉంటే 7.5 కాస్తా 6.67 అవుతుంది, నిష్పత్తి 0.333 నుంచి 0.5కు పెరుగుతుంది. సరిదిద్దకపోతే నీటి వేగం దాదాపు నలభై శాతం తక్కువగా కనబడేది.

అరగంట లెక్కలన్నీ కూడితే ఆ చెట్టు ఒక రోజులో తాగినది వస్తుంది.

8. చెట్టు నుంచి తోటకు

ఇక్కడ జరిగే తప్పు తెలిసినదే, అయినా జరుగుతూనే ఉంటుంది. లావు చెట్టు రోజుకు 40 లీటర్లు తాగింది, హెక్టారుకు 1,500 చెట్లున్నాయి, కాబట్టి 60,000 లీటర్లు అంటారు. తోటలో అన్ని చెట్లూ లావువి కావు.

చెట్లను లెక్కపెట్టకుండా రసదారువును లెక్కపెట్టండి. 2వ మెట్టులో తీసిన నమూనాల నుంచి, ఎంత చుట్టుకొలతకు ఎంత రసదారువు ఉంటుందో ఒక గీత గీయండి. ఆ గీతతో ముక్కలోని ప్రతి చెట్టుకూ వైశాల్యం రాసి కూడండి. 400 చదరపు మీటర్లలో 60 చెట్లకు కలిపి 6,600 చదరపు సెం.మీ. వచ్చిందనుకుందాం. తొమ్మిది చెట్ల సగటు ప్రకారం ఒక్కో చదరపు సెం.మీ. గుండా రోజుకు 80 ఘన సెం.మీ. పారితే మొత్తం 528 లీటర్లు. 400తో భాగిస్తే చదరపు మీటరుకు 1.32 లీటర్లు, అంటే 1.32 మి.మీ. హెక్టారుకు 13,200 లీటర్లు, చెట్టుకు సగటున 8.8 లీటర్లు. 60,000 ఎక్కడ, 13,200 ఎక్కడ!

అంకెను మి.మీ.లలో కూడా రాయండి. అప్పుడే వానతో పోల్చి చూడగలరు.

9. చెట్టు కుళాయిని ఎప్పుడు తిప్పుతోందో చూడండి

లీటర్లు తెలిశాక చాలామంది ఆగిపోతారు. నా వరకు అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది. అరగంట నీటి వేగాన్ని ఆ అరగంట గాలి దాహంతో భాగించండి. వచ్చేది పత్రరంధ్రాలు ఎంత తెరుచుకున్నాయో చెప్పే ఉజ్జాయింపు అంకె. దాహం 1 ఉన్నప్పుడు వేగం 8, దాహం 2 అయినప్పుడు 9.4 అనుకుందాం. నీరు పెరిగింది, నిజమే. కానీ భాగిస్తే 8 కాస్తా 4.7 అయింది. గాలి రెట్టింపు లాగుతుంటే చెట్టు కుళాయిని నలభై శాతం కట్టేసిందన్నమాట. దాహం 0.5 కంటే తక్కువ ఉన్న అరగంటలను ఈ లెక్కలో పెట్టకండి, చిన్న అంకెతో భాగించి పిచ్చి విలువలు వస్తాయి.

తర్వాత ఒక గ్రాఫ్ గీయండి: అడ్డంగా గాలి దాహం, నిలువుగా నీటి వేగం, ఒకే రోజు అరగంటలన్నీ వరుసగా కలుపుతూ. చాలా చెట్లలో ఒక ఉచ్చు లాంటి ఆకారం వస్తుంది. ఒకే దాహం దగ్గర పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తర్వాత తక్కువ పారుతుంది. వాన పడిన వారంలో ఒక రోజు, నెల ఎండిన తర్వాత అంతే ఎండ, అంతే దాహం ఉన్న ఇంకో రోజు తీసుకుని రెండు గ్రాఫులనూ ఒకదానిపై ఒకటి పెట్టండి. రెండోది కుంగిపోతే చెట్టు మట్టి తడికి తగ్గట్టు తాగుడు తగ్గించుకుంది. కుంగకపోతే దాని వేర్లు మీరు తవ్వి చూసిన లోతు కంటే కిందనున్న నీటిని అందుకుంటున్నాయని అనుమానించాలి.

ఆ లోతు నీటి సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. దక్షిణాఫ్రికాలోని మొకొబులాన్ ప్రయోగ క్షేత్రంలో గడ్డినేలలో యూకలిప్టస్, అంటే మన జామాయిల్ జాతి చెట్లు, నాటారు. తొమ్మిదో ఏటికి అక్కడి వాగు పూర్తిగా ఎండిపోయింది. చెట్లను 16 ఏళ్ల వయసులో నరికేశాక కూడా వాగు మునుపటిలా పారడానికి ఐదేళ్లు పట్టింది. చెట్లు ఆ ఏడాది వాననే కాదు, నేల లోతుల్లో దాచుకున్న తడిని కూడా తోడేశాయి. అది తిరిగి నిండిన తర్వాతే వాగుకు నీరు అందింది. రోజుకు ఇన్ని లీటర్లు అన్న అంకె ఒక్కటే చూస్తే ఇది కనబడదు.

అంకెలు సరైనవేనా? ఇలా సరిచూడండి

ఎండ శక్తితో సరిచూడటం అన్నిటికంటే తేలిక. ఒక లీటరు నీరు ఆవిరవడానికి 2.45 మెగాజౌళ్లు కావాలి. తోటకు రోజుకు చదరపు మీటరుకు నికరంగా 15 మెగాజౌళ్లు అందితే దానితో ఆవిరయ్యేది 6 మి.మీ. పై మాటే. మీ లెక్క రోజు తర్వాత రోజు దాన్ని దాటుతుంటే తప్పు చెట్టుది కాదు. ముందు రసదారువు వైశాల్యాన్ని, తర్వాత హెక్టారు గుణకారాన్ని చూడండి.

వాన కురుస్తున్నప్పుడు వేగం దాదాపు సున్నాకు రావాలి. రాకపోతే సున్నా తప్పు, లేదా సూదిలోకి నీరు చేరింది. ఉదయం వేగం పెరగడం మొదలయ్యే సమయం తొమ్మిది చెట్లలోనూ ఇంచుమించు ఒకటే ఉండాలి. ఒక్కటి మాత్రం రెండు గంటలు వెనకబడితే దాని గీతను అనుమానించండి. రాత్రి తేడా వారాల తరబడి మెల్లగా ఒకే దిక్కుకు జరుగుతుంటే సూది చుట్టూ గాయం మానుతూ చెక్క మూసుకుపోతోంది. త్వరగా లావెక్కే తోటల్లో ఇది నెలల్లోనే కనబడుతుంది. కొత్త జతను పక్కకు జరిపి దించి, పాతదాన్నీ రెండు వారాలు కలిపి నడిపి, ఆ తర్వాతే పాతది తీయండి.

గ్రానియే లెక్కలోని అంకెలు అన్ని జాతులకూ సరిగ్గా కుదరవు. చాలా జాతుల్లో, ముఖ్యంగా టేకులా వలయాలుగా పెద్ద నాళాలుండే చెట్లలో, అసలు కంటే తక్కువ చూపిస్తాయి. వీలైతే ఒక చెట్టును బలి ఇవ్వక తప్పదు. సూదులు ఉన్న సన్నని చెట్టును తెల్లవారకముందే తాళ్లతో నిలబెట్టి మొదలు దగ్గర కోసి, వెంటనే నీళ్ల తొట్టిలో ముంచండి. కోసిన ముఖానికి గాలి తగిలి ఉంటుంది కాబట్టి కొస నీటిలో మునిగి ఉండగానే మరో పలుచని ముక్క కోసేయండి. ఆ రోజంతా తొట్టిలో తగ్గిన నీటిని గంట గంటకూ కొలిచి సూదుల లెక్కతో పోల్చితే మీ జాతికి ఎంత సవరణ కావాలో తెలుస్తుంది. చెట్టు పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది. ముగ్గురు లేకుండా, హెల్మెట్ లేకుండా ఈ పని చేయకండి.

ప్రెజర్ చాంబర్ (ఆకు కాడ కొస నుంచి నీరు బయటికి వచ్చేదాకా గ్యాస్ ఒత్తిడి పెంచి కొలిచే పరికరం) దొరికితే తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఆకుల నీటి పీడనం కొలవండి. తెల్లవారుజాము అంకె మట్టి తడిని చెబుతుంది. మధ్యాహ్నం అంకె ఎండిన నెలలో కూడా పెద్దగా దిగకపోతే చెట్టు కుళాయిని ముందే కట్టేసే రకం. బాగా దిగిపోతే తెగించి తాగే రకం. అందులో వాడేది ఎక్కువ పీడనం ఉన్న గ్యాస్. కళ్లద్దాలు పెట్టుకోండి, కాడ కొసను నేరుగా పైనుంచి ముఖం పెట్టి చూడకండి.

సూదులు లేకపోతే

కొమ్మకు ప్లాస్టిక్ సంచి కట్టి అందులో చేరిన నీటిని కొలిస్తే సరిపోదా అని అడుగుతుంటారు. సరిపోదు. కాసేపటికే సంచిలో గాలి తేమతో నిండిపోతుంది, లాగుడు ఆగిపోతుంది. ఆకు ఆవిరి వదులుతుందని పిల్లలకు చూపించడానికి అది మంచిదే, లీటర్లకు పనికిరాదు.

నీటిమట్టం పైపైనే ఉన్న చోట, తోట మధ్యలో పరిశీలన బావి ఉంటే మట్టాన్ని గంటకోసారి రాయండి. పగలు దిగి, రాత్రి కొంత ఎక్కి, మెట్లు మెట్లుగా కనబడితే చెట్లు నేరుగా భూగర్భజలాన్ని తాగుతున్నాయి. బావి లేకపోతే, వానలేని వారాల్లో వేర్ల లోతు వరకు మట్టి తడిని వారానికోసారి కొలిచి తగ్గుదల చూడండి. ఇందులో నేల నుంచి నేరుగా ఆవిరైనదీ, గడ్డి తాగినదీ కలిసే ఉంటాయి. రాత్రి సన్నగా పారే నీటి మీదే మీకు ఆసక్తి ఉంటే గ్రానియే సూదులకు బదులు హీట్ రేషియో పద్ధతి (చిన్న వేడి తరంగం పైకీ కిందికీ ఏ నిష్పత్తిలో చేరిందో చూసేది) తీసుకోండి. నిదానపు ప్రవాహాన్నీ, వెనక్కి పారే నీటినీ అది బాగా పట్టుకుంటుంది.

ఒకటి గుర్తుంచుకోండి. వీటిలో ఏదీ ఆకుల మీదే ఆగి ఆవిరైపోయే వాన నీటిని లెక్కించదు. తోట మొత్తం వాడకం కావాలంటే తోట బయటా, చెట్ల కిందా వాన కొలిచి ఆ తేడాను విడిగా కలపాలి.

10. పని అయ్యాక

హీటర్లు ఆపి సూదులను నెమ్మదిగా తిప్పుతూ లాగండి. అల్యూమినియం గొట్టాలు తేలిగ్గా వస్తే తీయండి. చెక్క పట్టేస్తే లాగి చెట్టును ఇంకా గాయపరచొద్దు. గొట్టం ఉండిపోయిన చెట్లకు ఆ ఎత్తులో చుట్టూ రంగు పట్టీ వేసి, వాటి నంబర్లు రిజిస్టర్‌లో రాయండి. ఏళ్ల తర్వాత ఆ దుంగ కోత మిషన్ మీదికి వెళ్లినప్పుడు లోపల లోహం ఉందని కోసేవాళ్లకు తెలియాలి.